ఏడు మేకుల గోడ

ప్రియమైన కందిరీగకు,

నీ ఉత్తరం శనివారం అందింది. ఫోనులో చెప్పకుండా కాగితం మీద పెట్టినందుకు సంతోషం. ఫోనులో నువ్వు చెప్పేది సగం, నాకు వినపడేది అందులో సగం. మిగిలింది నేను ఊహించుకోవాలి. ఊహించుకోవడం నాకు అలవాటు లేదని నీకు తెలుసు.

ఇల్లు నచ్చిందన్నావు. పడగ్గది, హాలు, వంటిల్లు, వెనక తలుపు తీస్తే బట్టలారేసుకునే వరండా. ఒక్క మనిషికి అంతకన్నా ఎందుకు? నన్నూ వచ్చి ఉండమన్నావు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరింట్లో తిరగడం నాకు చేతకాదు. ముందు నీ గోడ సంగతి తేలుద్దాం.

కొత్త మేకు కొట్టొద్దు, పాత మేకు పీకొద్దు అన్నాడన్నమాట ఇంటాయన. ఆ పాత మేకులేమో నడుము ఎత్తులో ఉన్నాయన్నావు. నీకంటే ముందు అక్కడ కుట్టు క్లాసు నడిపినావిడ, మిషను ముందు కూర్చున్నవాళ్ళకు అందేలా కత్తెర్లూ టేపులూ తగిలించడానికి కొట్టించిందన్నావు. సబబుగానే ఉంది. కానీ ఖాళీ మేకులు చూస్తూ కూర్చునే ఇల్లు ఇల్లులా ఉండదు.

బజారులో అరచేయంత అమూర్త చిత్రాలు చూశావని, అవైతే ఆ మేకులకు సరిపోతాయని రాశావు. కొనొద్దు. నేను చేసి పంపుతాను. నవ్వకు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఇంతకాలంలో ఒక్క పిల్ల కూడా త్రిభుజాన్ని చూసి "దీని భావమేంటి టీచర్" అని అడగలేదు. అర్థం అడగకుండా బొమ్మను చూడడం నాకు నీకంటే ముందే వచ్చు.

మంచం దగ్గర నుంచి వెనక తలుపు దాకా మేకులు ఏ వరుసలో ఉన్నాయో, నేల నుంచి ఎంత ఎత్తో, ఒకదానికీ ఇంకోదానికీ ఎంత దూరమో, గోడ ఎక్కడ తిరుగుతుందో, మెట్టు ఎక్కడుందో, అన్నీ టేపు పెట్టి కొలిచి రాయి. అంచనాగా రాశావంటే వెనక్కి పంపిస్తాను.

నువ్వు పంపిన కొత్త కళ్ళద్దాలు బాగున్నాయి. పెట్టుకునే రాస్తున్నాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మా,

బొమ్మలు చేస్తున్నావా, వంతెన కడుతున్నావా? కొలతలన్నీ వెనక కాగితం మీద వేశాను. నీ విద్యార్థినిలాగే గీతలు స్కేలుతో గీశాను, చూసుకో.

మొత్తం ఏడు మేకులు. మొదటిది మంచం పక్కన. రెండోది పడగ్గది గుమ్మానికి ముందు. గుమ్మం దాటి గోడ మలుపు తిరిగాక మూడోది. హాల్లో నాలుగు, ఐదు. వంటింట్లోకి దిగే మెట్టు ముందు ఆరోది. వెనక తలుపు పక్కన ఏడోది. అయిదుకీ ఆరుకీ మధ్య చాలా ఖాళీ ఉంది, అక్కడ ఇంటాయన ఇనప బీరువా పెట్టుకున్నాడు. "నలుగురు పట్టినా కదలదమ్మా, దాని జోలికెళ్ళకు" అన్నాడు. వెళ్ళను.

నిన్న మా కళ్ళద్దాల దుకాణానికి ఒక పెద్దాయన వచ్చాడు. చూపు పరీక్షకు కూర్చోబెడితే చార్టులో చివరి వరస దాకా గడగడా చదివేశాడు. నాకు అనుమానమొచ్చి చార్టు మార్చాను. మార్చినా పాతదే చదువుతున్నాడు! బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు ముందువాళ్ళు చదువుతుంటే విని కంఠతా పట్టేశాడట. "ఎందుకు తాతా ఇదంతా?" అంటే, "పాసైతే ఇంటికి నేనొక్కడినే వెళ్తాను. ఫెయిలైతే నా కొడుకును పిలుస్తారు కదమ్మా" అన్నాడు. అందరం ఒకటే నవ్వు.

రావడం గురించి "తర్వాత చూద్దాం" అంటే నాకు ఒప్పుదల కాదు. గుర్తుంచుకో.

నీ
కందిరీగ

*

ప్రియమైన కందిరీగకు,

ఆ పెద్దాయనను చూసి నవ్వకుండా ఉండాల్సింది.

బొమ్మలు ఏడూ ఈ పెట్టెలో ఉన్నాయి. వెనక అంకె వేశాను. మంచం పక్కది నున్నటి నీలం గుడ్డ, దాని మీద మరేమీ లేదు. గుమ్మం ముందుది గరుకు కాగితం. మలుపు తిరిగాక తగిలేది ఎర్రదారం, సుడిలా చుట్టి అతికించాను. హాల్లోవి రెండూ పురికొస గీతలు, అడ్డంగా. మెట్టు ముందుదానికి బొత్తాలు, ఒకటి పైన, ఒకటి కింద. వెనక తలుపుది రేకు ముక్క. అంచులు నూరాను, చెయ్యి కోసుకోదు.

పై వాటాలోంచి మీ అత్తయ్య దిగొచ్చి చూసి, "ఏంటత్తయ్యగారూ ఇవి, ఒకటో తరగతి పిల్లలు చేసినట్టున్నాయి" అంది. "అవును, ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టాను" అన్నాను. ఆవిడ మీ మామయ్యతో చెప్పినట్టుంది. సాయంత్రం వాడొచ్చి, "అమ్మా, పైకొచ్చి మాతో ఉండకూడదూ" అని పాత పాటే మళ్ళీ ఎత్తుకున్నాడు. నా వాటా నాకు సరిపోయిందన్నాను.

వరుస మార్చకు. నీలం రంగు హాల్లో బాగుంటుందనీ, ఎర్రది పడగ్గదిలో బాగుంటుందనీ నీకు తప్పకుండా తోస్తుంది. తోచినా మార్చకు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మా,

మార్చలేదు. నువ్వు చెప్పినట్టే తగిలించాను. ఇల్లు ఇల్లయింది! సాయంత్రం ఎండ పక్కనుంచి పడితే దారానికీ బొత్తాలకూ నీడలు సాగుతాయి, ఒక్కో గంటకు ఒక్కో బొమ్మలా ఉంటుంది. మా దుకాణంలో అద్దాలు నూరే అక్క వచ్చి, మెడ వంచి వంచి చూసి, "బాగున్నాయే, కానీ మీ అమ్మమ్మ వీటిని మరుగుజ్జుల కోసం చేసిందా?" అంది.

ఒక్క చిన్న సంగతి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నీ ఒరిగి ఉంటున్నాయి. ఒకటో రెండో అయితే గాలి అనుకోవచ్చు. ఏడూ ఒరుగుతున్నాయి, ఏడూ ఒకే వైపు. సరిచేసి పడుకుంటాను, పొద్దున తిన్నగానే ఉంటాయి. పనికి వెళ్ళొచ్చేసరికి మళ్ళీ అంతే. ఇంటాయనను అడిగితే తాళంచెవి ఇంకోటి లేదని ఒట్టేశాడు. "మీ బొమ్మలకు మా గోడ నచ్చలేదేమో" అని ఇకిలించాడు కూడా.

తగిలించడానికి నువ్వు కట్టిన దారం సరిగ్గా లేదంటే ఒప్పుకోవుగా?

నీ
కందిరీగ

*

ప్రియమైన కందిరీగకు,

నేను కట్టిన దారం సరిగ్గానే ఉంది.

బొమ్మ ఒరగడానికి కారణాలుంటాయి. పక్కింట్లో ఏదైనా మిషను ఆడుతూ ఉండొచ్చు. వీధిలో బరువు బండ్లు వెళ్తే గోడ అదురుతుంది. అయితే అదిరిన బొమ్మ ఎటైనా ఒరుగుతుంది. ఏడూ ఒకే వైపు ఒరగవు.

కాబట్టి నేనడిగినదానికి జవాబు రాయి. వెనక తలుపు వైపుకు ఒరుగుతున్నాయా, మంచం వైపుకా? ఏ రోజు ఎటు? వెళ్ళిన మనిషి తిరిగి రావాలి. రెండు వైపుల లెక్కా సరిపోవాలి. వారం రోజులు చూసి రాయి, ఏ బొమ్మకైనా ఇంకేమైనా తేడా జరిగితే అదీ రాయి. నీకు ఏమనిపించిందో రాయనక్కర్లేదు, ఏం జరిగిందో రాయి.

ఈసారి అక్షరాలు పెద్దవిగా ఉన్నాయంటే పెన్ను మొద్దుది.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మా,

వెళ్ళిన మనిషి తిరిగి రావాలని ఎందుకు రాశావు? నేను మనిషి అనలేదే. ఆ మాట చదివినప్పటి నుంచి ఇంట్లో వీపు గోడకు ఆనించి కూర్చుంటున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఒక రోజు వెనక తలుపు వైపుకు ఒరిగి ఉంటాయి. ఇంకో రోజు మంచం వైపుకు. అంటే ఆ నడిచేదేదో చివరికి ఏ వైపు నడిచిందో ఆ వైపు. బుధవారం మూడోది, ఎర్రదారంది, తలకిందులుగా ఉంది. అది ఒరగడం కాదమ్మమ్మా. ఎవరో మేకు నుంచి తీసి, తిప్పి, మళ్ళీ తగిలించారు.

ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. తిన్నాక హాల్లో నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను, నాలుగో బొమ్మ కింద. ఎండ నిండుగా ఉంది. వీధిలో ఎవరో సైకిలు బాగుచేసుకుంటున్నారు. పడగ్గదిలో నీలం బొమ్మ గోడకు రాసుకున్న చప్పుడైంది. తల తిప్పి చూశాను. అది ఒరిగి ఉంది. తర్వాత గరుకుది ఒరిగింది. తర్వాత మలుపులో ఎర్రది. కాలి చప్పుడు లేదు, నీడ లేదు. కొత్త ఇంట్లో మనిషి నడిచినంత నెమ్మదిగా, ఒక్కోటీ.

నా తల మీద నాలుగోది ఒరిగింది. అక్కడ ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. నేనేం చేశానో తెలుసా? నవ్వొద్దు. కాళ్ళు ముడుచుకున్నాను. దారిచ్చాను. అప్పుడు ఐదోది ఒరిగింది. తర్వాత బీరువా దాటి మెట్టు దగ్గర బొత్తాలది. తర్వాత రేకు.

తలుపు తెరుచుకోలేదు. లోపలే ఉంది.

నేను ఏడుస్తూ రాయడం లేదు, ఏడవడం అయిపోయాక రాస్తున్నాను. ఈ ఉత్తరం పోస్టు చేశాక వాటిని తీసి పెట్టెలో పెట్టేస్తాను. కోపం తెచ్చుకోకు. అవి నువ్వు చేసినవి కాకపోతే ఇంటికి దూరంగా ఎక్కడైనా పారేసి వచ్చేదాన్ని. తీశాక కూడా ఇలాగే ఉంటే ఈ ఇల్లే ఖాళీ చేస్తాను.

నీ
కందిరీగ

*

కందిరీగా,

గురువారం తీసేశావు. తిరిగి తగిలించు. ఏడూ. వరుస తప్పకుండా.

ఇల్లు ఖాళీ చెయ్యకు. దానివల్ల నీకు ఏ చెడూ జరగదు. అది నేను చెబుతున్నాను.

అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మా,

నేను గురువారం తీశానని నీకెవరు చెప్పారు?

ఉత్తరంలో "తీసేస్తాను" అని రాశాను గానీ ఎప్పుడో రాయలేదు. ధైర్యం చాలక రెండు రోజులు ఊరుకున్నాను. గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి తీశాను. అప్పుడు ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఎవరూ లేరనే అనుకున్నాను.

నీ ఉత్తరం చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మాటల కోసం కాదు. రెండో వరస మొదటి వరస మీదికి ఎక్కేసింది. "నేను చెబుతున్నాను" అన్నది కాగితం అంచు దాటి పోయింది. చివరి అక్షరం లేదు, బల్ల మీద రాసి ఉంటావు. అప్పుడు పాత ఉత్తరాలన్నీ తీసి నేల మీద పరిచాను. మొదటిదాని నుంచే వరసలు కిందికి జారుతున్నాయి. అమ్మమ్మా, నేను రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్ళను కూర్చోబెట్టి "ఈ అక్షరం కనిపిస్తోందా, ఇది కనిపిస్తోందా" అని అడుగుతాను. నిన్ను మాత్రం ఒక్కసారే అడిగాను. అప్పుడు నువ్వు గడగడా చదివావు.

లేచి ఏడు బొమ్మలూ మళ్ళీ తగిలించాను. ఆరోజు సోమవారం. దీపాలు పెట్టే వేళ. వెనక తలుపు దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, గోడ మీద చెయ్యి వేశాను. చల్లగా రేకు తగిలింది, తలుపు అని తెలిసింది. బొత్తాలు తగిలాయి, ఒకటి కింద, ఒకటి పైన. కాలు ఎత్తితే మెట్టు ఉంది. పురికొస గీతలు, తిన్నగా పొమ్మన్నాయి. సుడి తగిలింది, తిరిగాను. గరుకు తగిలింది, గుమ్మం. నువ్వు ఇల్లు అలంకరించలేదు. నీకు దారి వేసుకున్నావు. ఇక్కడికి రావడానికే కదా? ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరగడానికే కదా?

ఇంకొక్కటి రాయాలి. మంచం పక్కన నున్నటి గుడ్డ చేతికి తగిలాక కళ్ళు తెరవబోయాను. తెరవలేదు. అక్కడ వేడిగా ఉంది. దీపం వేడి కాదు, ఒంటి వేడి. ఎందుకో తెలీదు, చెయ్యి గోడ మీంచి తీసి ఆ వేడి మీద పెట్టాను. కాసేపు అలాగే ఉంచాను. కళ్ళు తెరిస్తే ఖాళీ మంచం.

నీకు ఎంత కనిపిస్తోంది? ఈసారి కంఠతా పట్టింది కాదు, నిజం రాయి.

నీ
కందిరీగ

*

ప్రియమైన కందిరీగకు,

నీ ఉత్తరం మీ అత్తయ్య చదివి వినిపించింది. ఆవిడ చదువుతూ రెండుసార్లు ఆగి, "ఏంటత్తయ్యగారూ ఇదంతా?" అంది. "చదువు, వ్యాఖ్యానం తర్వాత" అన్నాను. జవాబు నేనే రాస్తున్నాను. అట్టముక్కలో వరసలు వరసలుగా సందులు కోసి, కాగితం మీద పెట్టుకుని, ఆ సందుల్లో పెన్ను నడుపుతున్నాను. కాబట్టి ఈసారి గీతలు తిన్నగా ఉండాలి. లేకపోతే చెప్పు.

అడిగావు గనక నిజం రాస్తున్నాను. చూపు నడిమధ్య నుంచి పోతోంది. ఎదురుగా నిలబడిన మనిషికి చెవులుంటాయి, జుట్టు ఉంటుంది, మొహం ఉండదు. ఇది తిరిగి వచ్చేది కాదని కంటి డాక్టరు చెప్పాడు. నీ అద్దాలది తప్పు లేదు. కిందటిసారి నువ్వు నీ చార్టు చూపించినప్పుడు మీ దుకాణానికి వచ్చిన పెద్దాయన చేసిన పనే నేనూ చేశాను. నువ్వు "శభాష్ అమ్మమ్మా" అన్నావు. ఆ శభాష్ అబద్ధమని చెప్పడానికి నోరు రాలేదు.

నీ ఇంటికి రావాలనే ఉంది. అయితే నువ్వు పొద్దున పనికి వెళ్ళి సాయంత్రం వస్తావు. ఆ మధ్యలో నీ మంచం మీద మూటలా కూర్చునేదాన్ని కాకూడదు. నడవడం నేర్చుకుని వద్దామనుకున్నాను. అందుకే కొలతలు అడిగాను. అందుకే ఒక్కో బొమ్మా రెండేసి చేశాను.

అవును, రెండేసి. నీకు పంపినవి ఏడు. ఇంకో ఏడు ఇక్కడ నా గోడకున్నాయి. వడ్రంగిని పిలిచి, నీ కొలతల ప్రకారం, నీ ఎత్తులో, నీ దూరాల్లో మేకులు కొట్టించాను. మెట్టు ఉండాల్సిన చోట చెక్క దిమ్మ వేయించాను. రోజూ మధ్యాహ్నం, పైన మీ అత్తయ్య కునుకు తీసే వేళకు, కళ్ళు మూసుకుని నీ మంచం నుంచి నీ వెనక తలుపు దాకా నడుస్తున్నాను. ఒక్కోరోజు అక్కడే ఆపేస్తాను. ఒక్కోరోజు తిరిగి వస్తాను.

అవి ఒరుగుతున్నాయని నువ్వు రాసినప్పుడు నేను నమ్మలేదు. ఇలాంటివి నేను నమ్మనని నీకు తెలుసు. నమ్మకూడదనే పరీక్ష పెట్టాను. బుధవారం నా గోడ మీది ఎర్రదారం బొమ్మను తలకిందులు చేసి, నీ ఉత్తరం కోసం చూశాను. ఆదివారం నువ్వు ఇంట్లో ఉంటావని తెలిసే నడిచాను. నాలుగోదాని దగ్గర నా పాదానికి ఏదో అడ్డం తగిలింది. మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది. నా గదిలో అక్కడ ఏమీ లేదు. ఆగాను. కాసేపటికి అది తప్పుకుంది. నేను ముందుకు వెళ్ళాను. అవి నీ కాళ్ళని నీ ఉత్తరం వచ్చాక తెలిసింది.

గురువారం నా బొమ్మలు నా గోడ మీదే ఉన్నాయి. మీ అత్తయ్య చూసింది, ఉన్నాయంది. కానీ నా చేతికి తగల్లేదు. చెయ్యి ఎంత తడిమినా ఉత్త గోడ. దిమ్మ ఎక్కడుందో తెలియక పడ్డాను. మోకాలు చిట్లింది, అంతే. ఆ రాత్రి నుంచి జ్వరం పట్టుకుంది. ఆ చిన్న ఉత్తరం జ్వరంలో రాసింది.

ఇక సోమవారం సంగతి. దీపాలు పెట్టే వేళ. నేను మంచం దిగలేదు, దిగే ఓపిక లేదు. మీ అత్తయ్య వంటలో ఉంది. పడుకుని వింటున్నాను. తలుపు వైపు రేకు గోడకు తగిలి చప్పుడైంది. తర్వాత బొత్తాలు. తర్వాత వరసగా, ఒక్కోటీ, నా మంచం వైపుకు. ఎవరని అడగలేదు. నుదుటి మీద చెయ్యి పడింది. నువ్వు చిన్నప్పుడు అగ్గిపుల్లతో కాల్చుకున్న మచ్చ ఆ చూపుడువేలి మీద ఉంది. అది గరుగ్గా తగిలింది. ఎంతసేపు ఉందో చెప్పను. ఆ చెయ్యి తీశాక చెమట పట్టి జ్వరం దిగింది.

అందుకే వస్తున్నాను. మోకాలు మానగానే మీ మామయ్య దింపి వెళ్తాడు. నేను నీ గుమ్మంలో కాలు పెట్టినప్పుడు నా చెయ్యి పట్టుకోకు. వెనకే నిలబడు.

ఒక్క పని మిగిలింది. ఇంటాయన ఏమన్నా సరే, నలుగురిని పిలిచి ఆ బీరువా జరిపించు. ఐదుకీ ఆరుకీ మధ్య, బీరువా వెనక, ఇంకో మేకు ఉంది. నువ్వు కొలతల్లో రాయలేదు, వడ్రంగి ఇక్కడ కొట్టలేదు. నా గోడ అక్కడ నున్నగా ఉందని మీ అత్తయ్య చెయ్యి పెట్టి మరీ చెప్పింది. అయినా మొదటి రోజు నుంచీ అది నా వేళ్ళకు తగులుతూనే ఉంది. తల కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. దానికి ఒక తాడు ముక్క కట్టి ఉంది. ఎప్పుడు పట్టుకున్నా, అవతలి కొస అప్పుడే ఎవరో వదిలినట్టు వెచ్చగా ఉంటుంది.

కొలతలు తీసేటప్పుడు సామాను జరపాలని నీకు ఎన్నిసార్లు చెప్పాను? ఎనిమిదో బొమ్మ ఈ కవరులో పెట్టాను. అది దానికి తగిలించు. తాడు మాత్రం విప్పకు. మెట్టు ముందూ, తలుపు పక్కనా మేకులు కొట్టించింది కత్తెర్లు తగిలించడానికి కాదు. మనకంటే ముందు ఆ దారిన నడవడం నేర్చుకున్నవాళ్ళు ఎవరో, వచ్చాక కనుక్కుంటాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ